విదేశీ నిధులు – మన పరిశోధకులు



వర్ధమాన దేశములలో పరిశోధకులను తయారుచేయుటకును, వారు కనుగొన్న సంగతులను అక్కడి ప్రభుత్వముల దృష్టికి తెచ్చుటకును సంపన్న దేశములు తమ విశ్వవిద్యాలయముల ద్వారా ధనమిచ్చు పద్ధతి యొకటి కలదు. ఆ ధనమిప్పుడు వేగముగా తరిగిపోవుచున్నది. దీనితో మన తెలుగు గ్రామములకును సంబంధమున్నది గనుక నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బ్రిటను 2016 మొదలు ఐదేండ్లకు 150 కోట్ల పౌండ్లతో ‘గ్లోబల్ ఛాలెంజెస్ రిసెర్చి ఫండు’ను నెలకొల్పినది. 2021లో విదేశీ సహాయమును జాతీయాదాయములో 0.7 శాతము నుండి 0.5 శాతమునకు తగ్గించుటతో, పరిశోధకులకు మాట యిచ్చిన మొత్తమునకును చేతనున్న మొత్తమునకును 12 కోట్ల పౌండ్ల తేడా వచ్చినది. పనులు నడుచుచుండగనే కోత పడినది. 2027 నాటికి దానిని 0.3 శాతమునకు దించెదమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించిరి. అమెరికా సహాయ సంస్థ నిధులు ఆగిపోగా, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము 2025 మార్చిలో 2,000 పైచిలుకు ఉద్యోగములను తీసివేసినది. వానిలో 1,975 అమెరికా వెలుపల 44 దేశములలోనివి. ‘సామర్థ్య నిర్మాణ’మని మనము వినుచు వచ్చినది ఈ మనుష్యులనే.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ‘యంగ్ లైవ్స్’ అధ్యయనమును చూడుడు. ప్రధానముగా బ్రిటిషు ప్రభుత్వ ధనముతో నడచి, ఇథియోపియా, పెరూ, వియత్నాములతోపాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎన్నుకొని, 12,000 మంది పిల్లల బ్రతుకులను ఏండ్ల తరబడి గమనించినది. వారిలో 3,000 మంది మన పిల్లలు. శ్రీకాకుళం, అనంతపురం, కరీంనగర్ మొదలైన జిల్లాలలో 2002 నుండి ఆ బిడ్డల ఇండ్లకే మరల మరల వెళ్లి, ఏమి తినుచున్నారు, బడి ఎప్పుడు మానిరి, పెండ్లి ఎన్నవ యేట జరిగినది అని అడిగి వ్రాసికొనిరి. పేరు ఆక్స్‌ఫర్డుది, గడప తొక్కినది మనవారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ ఇందులో భాగస్వామి.

మా వీధి యువకుడొకడు ఇట్టిదే మరియొక విదేశీ పథకములో మూడేండ్లు పనిచేసెను. తెలుగు, ఒడియా రెండును వచ్చును గనుక సరిహద్దు గ్రామములలో అతనికి ఎదురులేదు. ‘మీ ఆదాయమెంత’ అని అడిగిన ఎవరును చెప్పరు. ‘నిన్న ఏ పనికి పోయితిరి, ఏమి తెచ్చితిరి’ అని అడిగిన చెప్పుదురు. ఇది పుస్తకము నేర్పు విద్య కాదు. నిధులు ఆగిన నెలలోనే అతనిని పొమ్మనిరి. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. అతడు సేకరించిన సమాచారము విదేశములో భద్రముగానే యున్నదట!

పరుల సొమ్ము పోయిన పోనిమ్ము, వారి పెత్తనము తప్పునను వారున్నారు. మన ఇంట ఏ ప్రశ్న అడుగవలెనో లండనులో నిర్ణయించుట నాకును రుచింపదు. కాని మనమై అడుగుటకు ఏర్పాటేది? 2020–21లో మన దేశము పరిశోధనపై వెచ్చించినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతము మాత్రమే. 1964 నుండి ‘ఐటెక్’ పథకము క్రింద ఇతర వర్ధమాన దేశముల అధికారులకు శిక్షణ నిచ్చుచున్న మనకు, మన పరిశీలకులను నిలుపుకొనుట చేతకాదా? వచ్చిన విదేశీ నిధులలో ఒక వంతునైనను ఇక్కడి విశ్వవిద్యాలయములలో స్థిరమైన ఉద్యోగములకు కేటాయింపుడని ఆనాడే షరతు పెట్టి యుండవలసినది.

ఇంకొక సంగతి. ఆ అధ్యయనము శ్రీకాకుళం జిల్లా వరకు వచ్చినది. పొరుగుననే యున్న మా గంజాంలో అడుగు పెట్టలేదు. ఇచ్ఛాపురము దాటి ఇటునటు కూలికి పోవువారు ఏ లెక్కలోను పడరు. 2023 నాటి చట్టముతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రిసెర్చి ఫౌండేషను వారు ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమును, మా బరంపురం విశ్వవిద్యాలయమును ఈ పనికి కలుపవలెను. రెండు భాషలు వచ్చిన పరిశీలకులను పదిమందినైనను స్థిరమైన జీతముపై పెట్టినచో, మొదటి దరఖాస్తు మా వీధి నుండియే రాగలదు.

బరంపురం (గంజాం జిల్లా)
— ఒక పాఠకుడు