గురువుగా పనికొచ్చినోడు దుబాసీగా పనికిరాడా?

పెద్దవూర మండలంలో ఒక తండా అనుకోండి. బడి మొహం చూడని, చెవులు వినపడని మూగపిల్ల, ఇరవై ఏళ్లది. తల్లితోనూ పక్కింటి పిల్లలతోనూ తాను కల్పించుకున్న సైగలే ఆమెకున్న భాష. ఆమెకు అన్యాయం జరిగి కేసు కోర్టుకెక్కింది. నోటితో చెప్పలేని సాక్షికి దుబాసీనో స్పెషల్ ఎడ్యుకేటర్‌నో పెట్టాలని, వాంగ్మూలం వీడియో తీయాలని 2013లోనే సాక్ష్య చట్టాన్ని సవరించారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. సరే, పట్నం నుంచి డిప్లొమా దుబాసీ వచ్చాడు. పద్ధతిగా ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో అడిగాడు: ఆగస్టు 14 సాయంత్రం ఎక్కడున్నావు? పిల్ల బిక్కమొహం వేసింది. సాక్షికి ఏమీ తెలియదని రాసుకుంటే కేసు అక్కడికి సరి.

దుబాసీని తిట్టి లాభం లేదు. ఆయన నేర్చిన భాష ఆమెకు రాదు, అంతే. అక్కడ కావలసింది ఇంకో బధిరుడు. వినేవాళ్ల నడుమ అర్థం చేయించడమే పుట్టినప్పటి నుంచీ పనైనవాడు. తేదీ తెలియని పిల్లకు వాడు నాటు వేసినట్టు వంగి చూపిస్తాడు. తీజ్ పండుగ బుట్ట తలకెత్తుకున్నట్టు నటించి, దానికి ముందా తర్వాతా అని అడుగుతాడు. బొమ్మ గీస్తాడు. అదే సంగతిని ఇంకోలా తిప్పి అడిగి, అర్థమైందని తేలాకే ముందుకు కదులుతాడు. ఆమె చెప్పిందాన్ని సైన్ లాంగ్వేజ్‌లో పెడితే, పక్కనున్న వినే దుబాసీ జడ్జికి తెలుగులో వినిపిస్తాడు. ఇది ఊరికే వచ్చే విద్య కాదు. సాక్షి నోట్లో, కాదు, చేతుల్లో మన మాట పెట్టకూడదు. జాలిపడి ఒక్క ముక్క కలిపినా కేసు పోతుంది. శిక్షణ కావాలనేది అందుకే.

అమెరికాలో బధిర దుబాసీలకు విడిగా సర్టిఫికెట్ ఉంది, నిన్నమొన్నటిది కూడా కాదు. మన దగ్గర? 2015లో ఢిల్లీలో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. 2021 నాటికి పదివేల పదాల నిఘంటువు తెచ్చారు, మంచిదే. కోర్సులు మాత్రం రెండు ముక్కలు చేశారు. సైన్ లాంగ్వేజ్ నేర్పే డిప్లొమా బధిరులకు, దుబాసీ డిప్లొమా వినేవాళ్లకు! బధిరుడు నేర్పాలి, నేర్చుకున్నోడు పోయి కోర్టులో ఫీజు తీసుకోవాలి. గురువుకు మాత్రం ఆ గడప తొక్కే అర్హత లేదట. ఎవరి బుర్రలో పుట్టింది ఈ లెక్క?

"చెవులు వినపడనోడు దుబాసీ ఎట్లయితడు?" అని నవ్వేవాళ్లకు ఒక సంగతి. దుబాసీ అంటే రెండు భాషల మనిషి, రెండు చెవుల మనిషి కాదు. ఊళ్ల చరిత్రలను కైఫీయతులుగా సేకరించిన కర్నల్ మెకంజీకి మన భాషలు రావు. అయినా కైఫీయతులు పోగయ్యాయంటే కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల్లాంటి ఇక్కడి మనుషుల వల్లే. తెల్లదొరకు తెలిసిన ఆ చిన్న సంగతి మన ఆఫీసర్లకు తలకెక్కదు.

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విచారణలో బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయంతో పాల్గొంటే అందరం మురిసిపోయాం. ఆమెకు చదువుంది, భాషా ఉంది. ఏ భాషా అందనివాళ్ల మాటేమిటి? 2011 జనగణనలో వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో యాభై లక్షల పైచిలుకు. వాళ్లందరూ బధిరుల బడికి పోయారా?

సికింద్రాబాద్‌లో వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, బధిరులకు దుబాసీ కోర్సు అక్కడే మొదలుపెట్టండి. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ కోర్టులకు చాలినంత మందిని తయారుచేయండి. వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపులోనూ పోలీస్ స్టేషన్‌లోనూ వాళ్లనే కూర్చోబెట్టండి. బస్సు చార్జీ ఇవ్వండి. వినే దుబాసీకి ఎంతిస్తే బధిర దుబాసీకీ అంతే ఇవ్వండి, తోడొచ్చిన చుట్టం కింద లెక్కేసి చాయ్ తాగించి పంపడం కాదు.