సేంద్రియ ముద్ర, పిట్ట కడుపు

సంచిమీద "సేంద్రియం" అన్న ముద్ర ఉంటే లోపలి గింజ పోషకాహారమే అయి తీరుతుందన్న నమ్మకం పంజరపు పిట్టలను పెంచేవారిలో బలంగా ఉన్నది. దీనిని నేనంగీకరించను. పంట ఏ పద్ధతిలో పండినదో చెప్పడంతో ఆ ముద్ర పని ముగిసింది. మనదేశంలో 2001 నుంచి అమలవుతున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నేలనూ, ఎరువునూ, నిల్వనూ పట్టించుకుంటుంది. ఆ గింజ ఒక్కటే తిని పిట్ట బతుకుతుందా అన్నది దాని విషయం కాదు.

మనవాళ్ళు లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జెరిగార్లు ఆస్ట్రేలియా గడ్డినేలల పక్షులు. (అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి. ఆ పేర్ల గొడవ మరెప్పుడైనా.) స్వేచ్ఛగా ఉన్నప్పుడు అవి పచ్చిదీ పండినదీ రకరకాల గడ్డిగింజ తింటూ మైళ్ళకొద్దీ ఎగురుతాయి. పంజరంలో మిగిలినది ఎండుగింజ మాత్రమే. కొర్రలు ఎంత స్వచ్ఛమైనవైనా వాటిలో విటమిన్ ఏ చాలదు, సున్నం చాలదు. అయోడిన్ కొరవడితే బడ్జెరిగారుకు గొంతుగ్రంథి వాచి ఊపిరాడదు. పొద్దుతిరుగుడు గింజలే పోస్తే కొవ్వుపట్టి కాలేయం చెడుతుంది. అవి సేంద్రియమైనా ఇంతే.

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని వైపువారు ఈ ముద్రకు మోసపోవడం మరీ విడ్డూరం. ఈ నల్లరేగడిలో ముంగారి పత్తితో కలిపి కొర్ర వేయడం పెద్దల నాటి సేద్యం. సూర్యనంది అనే కొర్ర వంగడాన్నిచ్చిన నంద్యాల పరిశోధనా కేంద్రం మనకు దూరమేమీ కాదు. కొర్రన్నం పేదల కూడని మనమే వదిలేశాము. అదే కొర్రకంకిని రంగుసంచిలో పక్షిమేతగా కొని మురిసిపోతున్నాము!

పొట్టు తీయని కొర్రలు సంతలో అడగండి, ఒలుచుకోవడం పిట్టకు తెలుసు. వాటితో పాటు రోజూ మునగాకో, కొత్తిమీరో, తురిమిన క్యారెట్టో పెట్టండి. సేంద్రియమన్న పట్టుదల చూపవలసింది ఈ ఆకు దగ్గర: పత్తికీ మిరపకూ మందుకొట్టే చేలగట్టున కోసినది పెట్టకండి. సున్నానికి మూలికల అంగడిలో దొరికే సముద్రపు నురుగు ముక్క చాలు. బూజుపట్టిన వేరుశనగ విషమే. రామచిలుకకు ఏమి పెట్టాలని అడిగేవారికి నా దగ్గర సలహా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పంజరంలో ఉంచడమే నేరం.

మరొక్క మాట. సాయంత్రం గిన్నె నిండుగా కనిపిస్తే మేత ఉన్నదనుకోకండి. ఒకసారి ఊది చూడండి, చాలాసార్లు పైనుండేది వొట్టి పొట్టే.