తుపాకి జారి పడితే?

1876 జనవరిలో ఒక ఆదివారం రాత్రి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని విచితా పట్నం. ఒక పోలీసు ఉద్యోగి ఇద్దరు ముగ్గురితో కలిసి ఒక సారాయి దుకాణం వెనకగదిలో కూర్చుని ఉన్నాడు. నడుముకున్న తోలు ఒరలోంచి అతని రివాల్వరు జారి కింద పడింది. పడడంలో దాని వెనక ఉండే సుత్తి కుర్చీకి తగిలింది. అంతే, ఢామ్మని పేలింది! గుండు అతని కోటును చీల్చుకుని, గోడకు తగిలి, పైకప్పులోంచి బయటికి పోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వారం ఊరి పత్రికలో ఈ వార్త వచ్చింది కూడా.

ఆ పోలీసు పేరు వ్యాట్ అర్ప్. తరువాతి కాలంలో కౌబాయ్ సినిమాల పుణ్యమా అని ప్రపంచమంతా మారుమోగిన పేరు. తుపాకి పట్టడంలో అతనికంటె బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమంది ఉండి ఉంటారు? అయినా పేలింది. ట్రిగ్గరు మీద ఎవరి వేలూ లేదు.

దీన్ని మనం ఏమంటాం? "అజాగ్రత్త" అంటాం. ఆ ఒక్క మాటతో విచారణ ముగిస్తాం. ఆ మాట సరిపోదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు తూటా ఎలా పేలుతుందో చూద్దాం. తూటా అడుగున మధ్యలో చిన్న లోహపు బిళ్ళ ఉంటుంది. దాన్ని ప్రైమరు అంటారు. దెబ్బ తగిలితే మండే రసాయన పదార్థం అందులో ఉంటుంది. పాత రివాల్వర్లలో సుత్తికే ఒక ముక్కు ఉండేది. ట్రిగ్గరు నొక్కితే సుత్తి స్ప్రింగు బలంతో ముందుకు పడి, ఆ ముక్కు ప్రైమరును పొడుస్తుంది. నిప్పు పుడుతుంది. ఆ నిప్పుతో లోపలి మందు అంటుకుంటుంది. వాయువులు గుండును గొట్టంలోంచి తోస్తాయి.

ఇందులో చిక్కు ఎక్కడుందో మీరే కనిపెట్టగలరు. తుపాకి ఊరికే ఉన్నప్పుడు సుత్తి ఎక్కడ ఉంటుంది? ముందుకు వాలి, ముక్కు సరిగ్గా ప్రైమరును ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. కిలో బరువున్న రివాల్వరు మీటరు ఎత్తునుంచి పడితే దాని శక్తి ఎంత? ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ గుణించండి. 1 × 9.8 × 1, అంటే 9.8 జౌళ్ళు. ప్రైమరు పేలడానికి ఒక జౌలు కంటె తక్కువ శక్తి చాలు. పడిన తుపాకి సుత్తి వీపు మీదనే నేలకు తగిలితే ఆ పది జౌళ్ళలో కొంత భాగం ముక్కుద్వారా ప్రైమరుకు చేరుతుంది. ప్రైమరుకు తనను కొట్టింది స్ప్రింగా, నేలా అన్న విచక్షణ లేదు.

1873లో వచ్చిన ప్రసిద్ధమైన కోల్ట్ రివాల్వరుకు ఈ ప్రమాదం తెలియక కాదు. సుత్తిని కొంచెం వెనక్కి లాగితే ఒక గాటులో నిలిచేటట్లు ఏర్పాటు చేశారు. ముక్కు ప్రైమరుకు దూరంగా ఉంటుంది. కాని ఆ గాటు అంచు పలచన. గట్టి దెబ్బ తగిలితే విరుగుతుంది. అందుకని వాడేవాళ్ళు ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. ఆరు అరలున్న రివాల్వరులో ఐదు తూటాలే నింపి, సుత్తిని ఖాళీ అర మీద వాల్చి ఉంచేవారు. మంచి ఉపాయమే. అయితే ఈ ఉపాయం ఎక్కడ ఉంది? తుపాకిలో లేదు, మనిషి జ్ఞాపకంలో ఉంది. మరచిపోయిన రోజున లేనట్టే.

జ్ఞాపకం ఎంత గట్టిదో నాకు స్వానుభవం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఎన్.సి.సి. శిబిరంలో మాచేత .22 రైఫిలు కాల్పించారు. ఒక్కొక్కరికి ఐదు తూటాలు. బోర్లా పడుకుని కాల్చాలి. కాల్చిన ప్రతిసారీ బోల్టు వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తొడుగు బయటపడి, తరువాతి తూటా లోపలికి వెళ్తుంది. నేను కాల్చాను, లాగాను, తోశాను. ఐదూ అయిపోయాయనుకున్నాను. నిజానికి నాలుగే అయ్యాయి. ఐదోది నేనే లోపలికి తోసి పెట్టాను. లేవబోతూ వేలు ట్రిగ్గరు మీదనే ఉంచాను. రైఫిలు పేలి నా ముందు రెండడుగుల దూరంలో మట్టి ఎగిసింది. పక్కన పడుకున్న కుర్రాడి మోచేతి మీద ఆ మట్టి పడింది.

హవల్దారు గారు నన్ను ఏమన్నారో ఇక్కడ రాయను. మధ్యాహ్నమంతా మైదానం చుట్టూ పరుగెత్తించారు. ఆయన మమ్మల్ని పొద్దున్నుంచీ గొట్టం మూతి మనిషి వైపు తిప్పవద్దని ఊదరగొట్టబట్టే ఆ పిల్లవాడు బతికాడు. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

ఆ రైఫిలుకు సేఫ్టీ మీట ఉంది. దాన్ని వేసి ఉంటే పేలేది కాదు. మరి ఎందుకు వేయలేదు? రైఫిలు ఖాళీ అనుకున్నాను కనుక! ఖాళీ అనుకున్న తుపాకికి సేఫ్టీ ఎవరు వేస్తారు చెప్పండి? మనం పొరబడినప్పుడే రక్షణ కావాలి. పొరబడ్డామని తెలియదు కనుక ఆ రక్షణను అడగం. చేత్తో వేసే ప్రతి సేఫ్టీకీ ఉన్న లోపం ఇదే. నాకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అందుకే, ఎవరూ అడగకుండానే తన పని తాను చేసుకుపోయే సాధనమంటే నాకు గౌరవం. రివాల్వరులో అలాంటిది ఒకటి ఉంది. చూడడానికి వేలెడు పొడవు ఉక్కు ముక్క. దీన్ని ట్రాన్స్‌ఫర్ బార్ అంటారు. అంటే దెబ్బను అందించే కడ్డీ. 1890ల నుంచి అమెరికాలో ఐవర్ జాన్సన్ కంపెనీ తన రివాల్వర్లలో ఇలాంటి ఏర్పాటును పెట్టి అమ్మింది.

దీని కిటుకు మీరే చేసి చూడవచ్చు. ఒక చెక్క దిమ్మకు వెడల్పయిన రంధ్రం తొలిపించండి. అడుగున మెత్తటి చెక్క ముక్క పెట్టి, రంధ్రంలో ఒక మేకును నిలబెట్టండి. మేకు తల దిమ్మ పైభాగానికి అర అంగుళం లోపలే ఉండాలి. ఇప్పుడు రంధ్రంకంటె వెడల్పయిన సుత్తితో కొట్టండి. ఎంత గట్టిగా కొట్టినా దెబ్బ దిమ్మకు తగులుతుంది గాని మేకు కదలదు. తరువాత రంధ్రంలో మేకు తలమీద ఒక ఇనప బోల్టు నిలబెట్టి, దాని తల కొంచెం పైకి వచ్చేటట్లు చూసి, మళ్ళీ కొట్టండి. ఈసారి మేకు దిగుతుంది. (వేళ్ళు జాగ్రత్త. ఇంట్లో పెద్దవాళ్ళు దగ్గరుండగా చేయండి.)

రివాల్వరులో దిమ్మ అంటే తుపాకి చట్రం. మేకు అంటే ప్రైమరును పొడిచే సూది. ఇది సుత్తికి అతికి ఉండదు, చట్రంలో విడిగా ఉంటుంది. సుత్తి ముఖం చట్రానికి ఆనుకుంటుంది కాని సూదిని తాకదు. బోల్టు స్థానంలో ఉన్నదే మన కడ్డీ. అది ట్రిగ్గరుకు తగిలించి ఉంటుంది. ట్రిగ్గరు వెనక్కి లాగినప్పుడే పైకి లేచి సుత్తికీ సూదికీ మధ్య నిలుస్తుంది. వదిలేస్తే దిగిపోతుంది. కనుక తుపాకి కింద పడి సుత్తికి దెబ్బ తగిలితే ఆ దెబ్బను చట్రం భరిస్తుంది. ఇక్కడ గొప్పతనం ఏమిటంటే, మామూలుగా అడ్డు పెట్టి ప్రమాదాన్ని ఆపుతాం. ఇందులో అడ్డు లేదు. వంతెన లేకపోవడమే రక్షణ. కడ్డీ విరిగిపోయిందనుకోండి, తుపాకి పేలదు. పాడైతే ప్రాణం మీదికి రాకుండా పనికిరాకుండా పోతుంది. యంత్రం పాడయ్యే తీరు కూడా ముందే ఆలోచించి పెట్టడమంటే ఇదీ.

ఐవర్ జాన్సన్ వారు దీన్ని గొప్పగా ప్రచారం చేసుకున్నారు. మా రివాల్వరు సుత్తిని మరో సుత్తితో కొట్టి చూసుకోండి, పేలదు అన్నారు. అది నిజమే. అంతటితో ఆగితే బాగుండేది. 1900ల తొలి ఏళ్ళలో వాళ్ళే వేయించిన ఒక ప్రకటనలో ఒక చిన్నపిల్ల పడక మీద కూర్చుని రివాల్వరుతో ఆడుకుంటూ ఉంటుంది. దీనివల్ల మనకేం కాదని నాన్న చెప్పాడన్నది ఆ బొమ్మకింద మాట! ఆ బొమ్మ చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కడ్డీకి తెలిసింది ఒకటే. ట్రిగ్గరు లాగారా లేదా? లాగిన వేలు పోలీసుదా, పసిపిల్లదా, హంతకుడిదా అన్నది దానికి తెలియదు. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరంలో అమెరికా అధ్యక్షుడు విలియం మెకిన్లీని కాల్చింది కూడా ఐవర్ జాన్సన్ కంపెనీ .32 రివాల్వరుతోనే. ఆయన ఎనిమిది రోజులకు చనిపోయాడు. ఆ రోజున ఆ సాధనం ఏ లోపమూ లేకుండా పనిచేసింది.

మా స్టాఫ్ రూములో ఈ సంగతులు చెప్పినప్పుడు ఒక మిత్రుడు వెంటనే అందుకున్నాడు. "చూశారా మాస్టారూ! మరి సాధనం వల్ల ఏమిటి లాభం? మనిషికి జాగ్రత్త నేర్పాలి. సాధనాలు పెడితే ఉన్న జాగ్రత్త కూడా పోతుంది." ఈ వాదంలో సగం నిజముంది. ఆ ప్రకటన వేసిన తండ్రి లాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కాని మిగిలిన సగానికి నా జవాబు ఇది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 చివరలో, ఒక అమెరికన్ ఓడ మీద రివాల్వరు ఉక్కు డెక్కు మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తయారు చేసిన రివాల్వరు అది. దానిలో సుత్తికి అడ్డుపడే పలక లేకపోలేదు. కాని ఆ పలకను దాని చోటికి తెచ్చేది ఒక స్ప్రింగు. లోపల పూసిన జిడ్డు గడ్డకడితే స్ప్రింగు ఓడిపోతుంది. ఆ కంపెనీ ఇంజనీర్లు నావికులకు జాగ్రత్త పాఠాలు చెప్పమని ఉత్తరం రాసి ఊరుకోలేదు. కొద్ది రోజుల్లోనే కొత్త పలకను రూపొందించారు. ట్రిగ్గరు వెనక్కి వచ్చేటప్పుడు లోపలి భాగమే దాన్ని తోసుకుని వచ్చి అడ్డంగా నిలబెడుతుంది. జిడ్డు ఉన్నా కదలక తప్పదు. జాగ్రత్త నేర్పడం మంచిదే, కాని ఊగుతున్న ఓడలో ఒర జారకుండా ఎవరు ఆపగలరు?

మన కడ్డీ కథ తరువాత కూడా సాగింది. అమెరికాలో రూగర్ కంపెనీ 1953 నుంచి పాత కోల్టు పద్ధతిలోనే రివాల్వర్లు చేసింది. అంటే 80 ఏళ్ళ తరువాత కూడా "ఐదే నింపండి" అన్న ఆనవాయితీ మీదనే ఆధారపడింది! కడ్డీ సంగతి లోకానికి అరవై ఏళ్ళుగా తెలుసు. అయినా అలా చేశారు. కొన్నవాళ్ళకు పాత తుపాకి తీరే ఇష్టమని ఊహించవచ్చు గాని, నాకైతే ఇది క్షమించరానిదిగా తోస్తుంది. చివరికి 1973లో కడ్డీ పెట్టారు. 1982 నుంచి పాత రివాల్వరు పంపితే ఉచితంగా మార్చి పంపుతామన్నారు. ఎంత చెప్పినా పంపనివాళ్ళున్నారు. అసలు రూపం పోతుందని సేకరణకారుల బాధ.

ఇటీవలి కాలంలోనూ ఈ పాఠం పూర్తికాలేదు. 2017 జనవరిలో అమెరికా సైన్యం కొత్త పిస్తోలుగా సిగ్ సావర్ పి-320 రకాన్ని ఎంపిక చేసింది. అదే ఏడు ఆగస్టులో, ఆ పిస్తోలు ఒక కోణంలో వెనకవైపు నేలకు తగిలేటట్లు పడితే పేలుతున్నదని పరీక్షల్లో బయటపడింది. ఎందుకో తెలుసా? న్యూటన్ మొదటి నియమం! పిస్తోలు నేలకు తగిలి ఆగింది. ట్రిగ్గరు మాత్రం జడత్వం వల్ల ఆగకుండా వెనక్కి కదిలింది, వేలితో లాగినట్టే. కంపెనీ ఉచితంగా మార్చి ఇస్తామన్న భాగాల్లో తేలికపాటి ట్రిగ్గరు ముఖ్యమైనది. ద్రవ్యరాశి తగ్గితే జడత్వం తగ్గుతుంది కదా! మీరు ఎనిమిదో తొమ్మిదో తరగతిలో బట్టీపట్టే వాక్యం తెలిసినవాళ్ళే ఆ పిస్తోలు చేశారు. ఆ వాక్యం ట్రిగ్గరుకు కూడా వర్తిస్తుందని తట్టలేదు.

మీలో ఎక్కువమంది జన్మలో తుపాకి పట్టరు. పట్టకపోతేనే మంచిది. అయినా ఈ కడ్డీ బంధువులు మీ ఇంట్లోనే ఉన్నాయి. ప్రెషర్ కుక్కరు ఆవిరి గొట్టం మూసుకుపోతే సేఫ్టీ వాల్వులోని లోహం కరిగి ఆవిరిని వదులుతుంది. అమ్మ గుర్తుంచుకోవలసింది ఏమీ లేదు. మూడు కన్నాల ప్లగ్గు సాకెట్టు చూడండి. మంచి రకంలో కింది రెండు కన్నాలకు లోపల చిన్న తలుపులుంటాయి. ప్లగ్గు పైపుల్ల మిగతా రెండింటికంటె పొడవు. అది ముందుగా లోపలికి వెళ్ళి తలుపులు తెరుస్తుంది. పసిపిల్ల ఒక్క కన్నంలో మేకు దూర్చబోతే దూరదు. ట్రాన్స్‌ఫర్ బార్ చేసే పనికి ఇది ఎంత దగ్గరో ఆలోచించండి.

ఇది రాయడానికి ముందు మా ప్రయోగశాలలో సాకెట్లు లెక్కపెట్టాను. ఏడున్నాయి. మూడింటికే తలుపులున్నాయి. మిగతా నాలుగింటి పైన నేనే పదేళ్ళ క్రితం ఎర్ర సిరాతో "జాగ్రత్త, తాకరాదు" అని రాసి అంటించిన కాగితాలున్నాయి. రెండింటిమీద అక్షరాలు వెలిసిపోయాయి. కాగితాలు తిరిగి రాయలేదు. నాలుగు కొత్త సాకెట్లకు హెడ్మాస్టరు గారికి అర్జీ పెట్టాను. మీ బళ్ళో ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.