అలన్ మెగ్రా మోకాళ్ళు

"అప్పటి ఆటగాళ్ళు డబ్బు కోసం ఆడలేదండీ, జెర్సీ కోసం ఆడారు." ఫుట్‌బాల్ ప్రస్తావన వస్తే చాలు, కాస్త చదువుకున్న అభిమాని ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. ఇప్పటి స్టార్ల వారం జీతం చెప్పి, పక్కనే 1960ల నాటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటి పెడతారు. వాన, బురద, తోలుబంతి, చిన్న ఊరి స్టేడియం. ఆ ఫోటోలంటే నాకూ ఇష్టమే. వాటి కింద రాసే వాక్యంతోనే పేచీ.

అలన్ మెగ్రా అని స్కాట్లండ్‌లో ఒక సెంటర్ ఫార్వర్డ్ ఉండేవాడు. 1939లో పుట్టాడు. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే ఊరు గ్రీనాక్, అక్కడి మోర్టన్ క్లబ్బుకి ఆడాడు. అది రెండో డివిజన్ జట్టు. 1963-64 సీజన్లో అతను కొట్టిన గోల్స్ 58. అవును, ఒక్క సీజన్లో. ఆ ఏడాది మోర్టన్ లీగులో 36 మ్యాచులాడి ఒక్కటంటే ఒక్కటే ఓడింది. కింది డివిజన్లో ఉంటూనే లీగ్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, హాంప్‌డెన్ పార్కులో లక్షమందికి పైగా జనం ముందు రేంజర్స్ చేతిలో 5-0తో చిత్తయింది. తర్వాత మెగ్రా హిబర్నియన్‌కి, అక్కణ్ణుంచి బెల్‌ఫాస్ట్‌లోని లిన్‌ఫీల్డ్‌కి ఆడాడు. 1985లో మోర్టన్‌కే మేనేజర్‌గా తిరిగొచ్చి పన్నెండేళ్ళు ఉన్నాడు. 2023లో పోయాడు.

ఇదంతా పట్టికలో దొరుకుతుంది. మోకాళ్ళ సంగతి పట్టికలో ఉండదు. ఆడే రోజుల్లో నొప్పి తెలియకుండా ఆ మోకాళ్ళలోకి కార్టిసోన్ ఎక్కించారు, మళ్ళీ మళ్ళీ. తర్వాతి జీవితమంతా ఆయన కర్రల సాయంతో నడిచాడు.

కార్టిసోన్ అప్పటికి కొత్త మందు. దాని మీద జరిగిన పరిశోధనకు 1950లో నోబెల్ వచ్చింది. కీళ్ళవాతంతో మంచానపడ్డవాళ్ళు లేచి నడిచారని లోకం ఆశ్చర్యపోయింది. వాపునీ నొప్పినీ తగ్గిస్తుంది, అది నిజం. కానీ చిరిగినదాన్ని అతికించదు. మాటిమాటికీ కీలులోకి ఎక్కిస్తే మృదులాస్థిని కూడా దెబ్బతీస్తుంది. నొప్పి అనేది ఒళ్ళు పంపే హెచ్చరిక. దాని నోరు మూసి శనివారం మ్యాచ్ ఆడించడమంటే, సర్వర్ కాలిపోతోందని అలర్ట్ వస్తే అలర్ట్‌ని మ్యూట్ చేసి ఇంటికెళ్ళిపోవడమే. మా ఆఫీసుల్లో అలా చేస్తే పోయేది మహా అయితే డేటా.

ఇంకొకటి. స్కాటిష్ లీగులో సబ్‌స్టిట్యూట్ అనే ఏర్పాటు 1966 దాకా లేనే లేదు. మెగ్రా 58 గోల్స్ కొట్టిన ఏడాది కాలు మెలికపడితే బయటికెళ్ళి కూచోవచ్చు, కానీ అతని బదులు ఇంకొకడు రాడు. జట్టు పదిమందితో ఆడాలి. అందుకే కుంటుకుంటూనైనా మైదానంలో ఉండిపోయేవాళ్ళు. దీన్ని ఇప్పుడు మనం పోరాటపటిమ అని పొగుడుతున్నాం. దాని అసలు పేరు నిబంధనల పుస్తకం.

ఇక "విశ్వాసం". ఒకే క్లబ్బుని అంటిపెట్టుకుని ఉన్నారని మురిసిపోతాం కదా, కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్‌ని క్లబ్బు తన దగ్గరే అట్టేపెట్టుకోగలిగిన కాలం అది. వాళ్ళు వదిలితేనే వేరేచోట ఆట. ఇంగ్లండ్‌లో జార్జ్ ఈస్ట్‌హామ్ కోర్టుకెక్కి 1963లో ఈ పద్ధతికి గండి కొట్టాడు. కాంట్రాక్టు అయిపోయినవాడు డబ్బు బేరం లేకుండా వెళ్ళిపోవచ్చని తేలడానికి 1995లో బాస్మన్ తీర్పు దాకా ఆగాల్సొచ్చింది. తలుపుకి బయట గడియపెట్టి, లోపలున్నవాడికి ఇల్లంటే ఎంత ప్రేమో అంటే ఎలా?

నిజమే, మెగ్రా మోర్టన్‌ని ప్రేమించాడు. ఎవరూ కట్టేయకుండానే 1985లో తిరిగొచ్చాడు. ఆ ప్రేమను నేను కాదనను, కాదనడానికి నేనెవర్ని? నా కోపం ఆ ప్రేమ మీద కాదు, దాన్ని రసీదులా చూపించి బాకీ తీరిపోయిందనేవాళ్ళ మీద. ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ కిటుకు తెలుసు. "ప్యాషన్" అనే మాట జీతం పెరగని ఏడాదే ఎక్కువ వినిపిస్తుంది.

ఇంతకీ పట్టికల్ని తిడుతున్నానని అనుకోకండి. పుట్టిన తేదీ, క్లబ్బు, ఏ స్థానంలో ఆడాడు, ఎన్నేళ్ళు ఆడాడు. సాహిత్యం వాసన కూడా లేని ఈ వరసల వల్లే ఒక పెద్ద పని జరిగింది. గ్లాస్గో యూనివర్సిటీలో విలీ స్టువర్ట్ బృందం 1900, 1976 మధ్య పుట్టిన 7,676 మంది స్కాటిష్ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ మరణ రికార్డుల్ని, అదే వయసూ అదే నేపథ్యమూ ఉన్న దాదాపు 23 వేలమంది మామూలు మనుషుల రికార్డులతో పోల్చింది. ఫలితం 2019లో వచ్చింది. డెబ్బై ఏళ్ళ దాకా ఆటగాళ్ళలోనే చావులు తక్కువ, గుండెజబ్బులూ తక్కువే. కానీ మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం మాత్రం మూడున్నర రెట్లు. 2021లో ఇంకాస్త వివరంగా చూశారు. గోల్‌కీపర్లలో పెద్ద తేడా లేదు. డిఫెండర్లలో దాదాపు అయిదు రెట్లు. ఎంత ఎక్కువ కాలం ఆడితే అంత ఎక్కువ ముప్పు. బంతిని తలతో కొట్టడమే కారణమని ఆ అంకెలు ఖాయంగా చెప్పలేవు కానీ, గోల్‌కీపర్ ఏం చెయ్యడో, డిఫెండర్ ఏం చేస్తాడో చిన్నపిల్లలకు కూడా తెలుసు. స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘానికీ తెలిసినట్టే ఉంది, 2020లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు ట్రెయినింగులో హెడింగ్ మాన్పించింది.

ఇంగ్లండ్‌లో జెఫ్ ఆస్టిల్ చనిపోతే, ఆయన మెదడు పాడవడాన్ని పారిశ్రామిక వ్యాధి అని 2002లోనే కరోనర్ తేల్చాడు. గనిలో బొగ్గుధూళి పీల్చినవాడికీ, మిల్లులో వినికిడి పోయినవాడికీ వాడే మాట అది. జెర్సీ కోసం ఆడినవాడికి ప్రేమవ్యాధి వస్తుంది, పారిశ్రామిక వ్యాధి రాదు. అప్పుడు దానికి యజమానీ ఉండడు, పరిహారమూ ఉండదు.

ఆ ఫోటో మళ్ళీ ఎవరైనా పెడితే, వానకి తడిసి బరువెక్కిన బంతి కోసం గాల్లోకి లేచిన డిఫెండర్ ఉంటాడు చూడండి, అతని పేరు అడగండి. పెట్టినవాళ్ళకి సాధారణంగా తెలీదు.