అంకె చూసి కొనకండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. మా అప్పది ఆ ఊళ్లలోనే ఒకటి. నేను ఇక్కడ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాను. మూడో రోజుకి టవరు పనిచేసింది, పక్క వీధి వాళ్ల ఫోన్లు మోగాయి. అప్ప ఫోను మాత్రం స్విచాఫ్. ఐదో రోజున, జనరేటరున్న ఇంటి ముందు వరసలో నిలబడి ఛార్జి పెట్టుకుని, తనే చేసింది. "నువ్విచ్చిన పవర్ బ్యాంకు దీపాలు వెలిగాయిరా తమ్ముడూ, ఫోను సగం నిండకుండానే ఆరిపోయాయి" అంది.

దాని మీద 20,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. అంకె చూసి, ధర చూసి ఇక్కడి బజార్లో కొన్నాను. రైలు బోగీల దీపాలు, ఫ్యాన్లు, బ్యాటరీలు చూసే టీఎల్ విభాగంలో 34 ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే రాస్తున్నాను.

మామూలు నాన్ ఏసీ బోగీ కింద ఉండేది 110 వోల్టుల, 120 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఆ రెండూ గుణిస్తేనే అసలు శక్తి ఎంతో తెలుస్తుంది. పవర్ బ్యాంకుకీ అదే లెక్క. లోపలి లిథియం సెల్లు వోల్టేజి సుమారు 3.7. 10,000 ఎంఏహెచ్, అంటే 10 ఆంపియర్ అవర్లు, 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. 20,000 అయితే 74. ఫోనుకి పంపడానికి వోల్టేజి పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. నిజాయితీగా తయారైన 10,000 పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోనుని సుమారు ఒకటిన్నర సార్లు నింపుతుంది, 20,000 అయితే మూడుసార్లు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె ఉంటుంది. మీకు అందేది దాని ప్రకారమే. అది అచ్చువేయని సరుకు కొనవద్దు.

రోజూ ఆఫీసుకీ కాలేజీకీ వెళ్లేవారికి 10,000 చాలు, జేబుకీ బరువు కాదు. ఇంట్లో తుపాను రోజులకీ, దూరప్రయాణాలకీ 20,000 ఉండాలి. మన వాళ్లు ఇక్కడి నుంచి విశాఖ బండి ఎక్కితే రాత్రంతా ప్రయాణం. రాయగడ కొండల్లో సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ పాయింట్లు ఆపే నిబంధన ఉంది. టికెట్టు ఫోన్లో, డబ్బు ఫోన్లో, సాయం అడగాల్సిన రైల్వే నంబరు 139కి చేయాలన్నా ఫోనే.

నాసిరకం సెల్లుతో చిక్కు, ఫోను నింపకపోవడంతో ఆగదు. లోపల షార్ట్ అయితే మండుతుంది, ఆ మంట తేలిగ్గా ఆరదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ఎగరబోతున్న విమానం తగలబడింది. లోపలున్న 176 మందీ బయటపడ్డారు. సామాన్ల అరలోని పవర్ బ్యాంకు కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. 72 బెర్తుల స్లీపర్ బోగీలో, దిండు కింద అలాంటిది పెట్టుకుని నిద్రపోయేవాళ్లను నేను ఎన్నోసార్లు చూశాను.

మన దేశంలో పవర్ బ్యాంకులకి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు వస్తువు మీద ఉండాలి. ఆ నంబరు ఎవరైనా ముద్రించుకోగలరు కాబట్టి, దుకాణంలో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, కంపెనీ పేరు సరిపోయిందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. బిల్లు అడగండి. బిల్లివ్వనంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.

కొన్నాక జాగ్రత్త మీది. లిథియం సెల్లుని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. బిలాస్‌పూర్ మే నెల ఎండ ఒక్కోరోజు ఆ హద్దు దాటుతుంది. కారులో, కిటికీ ఎండలో వదలవద్దు. వాడకపోయినా మూడు నెలలకోసారి ఛార్జి చూసుకోండి. ఉబ్బితే ఇక వాడకండి, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

జాగ్రత్తంతా కొనేవాడి మీదే వేయడం న్యాయం కాదు. తప్పుడు అంకెలు అమ్మే బజార్ల మీద అధికారులు దాడులు చేయాలి. ఎంఏహెచ్ ఎంత పెద్దగా అచ్చువేస్తారో, రేటెడ్ కెపాసిటీ కూడా అంతే పెద్దగా వేయాలన్న నియమం రావాలి.

ఈలోగా ఒక మాట. ఊళ్లో ఉన్న అమ్మకో అప్పకో పవర్ బ్యాంకు ఇవ్వాలనుకుంటే, ముందు నిండా ఛార్జి చేసి మీ ఫోనుకి పెట్టి చూడండి. ఎన్నిసార్లు నిండిందో ఒక కాగితం మీద రాసి, దానికి అంటించి అప్పుడు ఇవ్వండి.