తోరణాలు నాలుగు, ఆవరణ ఒక్కటే

ఓరుగల్లు కోట చూసినవారికి నాలుగు కాకతీయ తోరణాలు గుర్తుండే వుంటాయి. నాలుగు దిక్కులా నాలుగు వున్నా, మధ్యనున్న స్వయంభూ దేవాలయపు ఆవరణ ఒక్కటే. తూర్పునుంచి ఒకసారీ, పడమటినుంచి ఒకసారీ వెళ్లినంతమాత్రాన రెండు గుళ్లు చూశామని ఎవరూ అనరు. కాని కంప్యూటరు అంటుంది!

సంగతేమిటంటే, జానపద గేయాల రికార్డులూ, పాత పత్రికల స్కానులూ భద్రపరచడానికి మా కళాశాలలో లైనక్సు సర్వరుకు పెద్ద నిల్వపెట్టె ఒకటి తగిలించారు. ఒక తీగ తెగితే రెండోది ఆదుకుంటుందని రెండు తీగలు వేశారు. పెట్టె ఇచ్చిన డిస్కు ఒక్కటే. లైనక్సుకు మాత్రం ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని రెండు కనిపించాయి.

“రెండు డిస్కులొచ్చినయి సార్! ఒకటి మనకు, ఒకటి చరిత్ర శాఖకు” అని మా కుర్ర సహాయకుడు సంబరపడ్డాడు. అలా పంచివుంటే ఒకరి రాతమీద మరొకరు రాసుకుని, ఇద్దరి సొత్తూ గంగలో కలిసేది.

కంప్యూటరు శాఖ మిత్రుడు వచ్చి విడమరచి చెప్పాడు. ఇటువంటి డిస్కుకు తనదంటూ ఒక గుర్తింపు సంఖ్య వుంటుంది. ఏ దారిన వచ్చి చూసినా అది మారదు. మల్టీపాత్ అనే ఏర్పాటు ఆ సంఖ్యను చూసి, రెండు దారులనూ కలిపి ‘ఎంపాత్‌ఎ’ వంటి ఒక్క పేరు పెడుతుంది. వాటాలు వేయవలసింది ఆ పేరుమీదే. దారుల పేర్లమీద కాదు. పార్టెడ్‌తో హద్దులు గీయాలి. డిస్కు 2 టెరాబైట్లు దాటితే పాత పట్టిక సాధారణంగా చాలదు కనుక, జీపీటీ పట్టిక వేయాలి. కొత్త వాటాలు కనిపించకపోతే కేపార్ట్‌ఎక్స్‌తో వాటిని బయటికి రప్పించాలి. ఫైల్ సిస్టం వేయడం ఆ తరువాత, అదీ ఆ వాటామీదే. అలా కాక ఎస్‌డీబీ పేరుతోనే వాడుకున్నామా, ఆ తీగ తెగిననాడు రెండో తీగ వుండీ లేనట్టే!

ఇదంతా విని మా ఇంటావిడ నవ్వింది. “మా పుట్టింటి పంపకాల్లోనూ ఇదే తంటా. చెరువువైపునుంచి చూసి ఒకరూ, బండ్లబాటనుంచి చూసి ఒకరూ ఒకే చెలకను రెండుగా లెక్కవేశారు. సర్వే నంబరు చూస్తేగాని తేలలేదు” అన్నది.

ఆమెకు లైనక్సు రాదు. కాని పంచేముందు వస్తువు ఒకటో రెండో తేల్చుకోవాలన్న పాఠం మాత్రం మా అందరికంటే ముందే వచ్చు.