పడకలు చూసి చేర్చండి



ఇంటర్ ఫలితాలు రాగానే మా ఇంటికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువమంది ఒకే మాట అడుగుతారు. "అయ్యగారూ, అమ్మాయిని నర్సింగులో వేద్దామనుకొంటున్నాము. ఏ కాలేజీ మంచిది?" పేరు చెప్పడము తేలికే. కాని పేరు విని బిడ్డను చేర్చిన ఇళ్లలో తరువాత కారిన కన్నీళ్లు మేము చూశాము. అందుకే ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము.

మా సంఘములోని ఒక కుటుంబము పల్లె విడిచి హైదరాబాదు శివారుకు మారవలసి వచ్చినది. తండ్రికి అక్కడ వాచ్‌మన్ పని దొరికినది. పెద్దమ్మాయి బైపీసీ పాసైనది. మధ్యవర్తి ఒకడు, "ఎలాగూ అక్కడికే వెళుతున్నారు కదా, బి.ఎస్‌సి. నర్సింగు సీటు ఇప్పిస్తాను. ఇరవై వేలు అడ్వాన్సు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వండి" అన్నాడట. డబ్బు మూటగట్టుకొని, ప్రార్థన చేయించుకొని వెళదామని మా దగ్గరకు వచ్చారు. ప్రార్థన చేశాము. తరువాత, "డబ్బు ఇచ్చే ముందు ఒకసారి చూసి వద్దాము" అని మేమూ వారితో బయలుదేరాము.

కాలేజీ నాలుగంతస్తుల అద్దాల మేడ. తండ్రి ముఖము వెలిగిపోయినది. "మరి ఆసుపత్రి ఎక్కడ?" అని అడిగాము. "టై-అప్ ఉంది సార్" అన్నారు. ఎన్ని పడకలని అడిగితే జవాబు లేదు. చిరునామా తీసుకొని ఆ ఆసుపత్రికే వెళ్లాము. వార్డులో పడకలున్నవి గాని రోగులు లేరు. మనవాళ్ల అమ్మాయి బయట కనబడిన విద్యార్థినిని మెల్లగా అడిగినది. "మా రికార్డులు హాస్టల్లో కూర్చుని వ్రాసుకొంటాము అక్కా" అన్నదట ఆ పిల్ల.

నర్సింగు పుస్తకములో సగము, రోగి మంచము దగ్గర సగము నేర్చుకొనే చదువు. వేలూరులో ఐడా స్కడ్డర్ దొరసాని 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. 1946లో అక్కడ డిగ్రీ కోర్సు వచ్చినది. డిగ్రీ వచ్చినా వార్డులో నేర్పడము మానలేదు. డిగ్రీ కాలేజీకి సాధారణముగా కనీసము 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమము కూడా ఇందుకే. రోగిని ముట్టకుండా నాలుగు సంవత్సరాలు గడిపిన బిడ్డ రేపు ఒకరి నరమునకు సూది ఎలా పెట్టగలదు?

ఊరు మారే కుటుంబాలు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉన్నది. మనము మారినంత త్వరగా మన బిడ్డ "స్థానికత" మారదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుండి వచ్చిన పద్ధతి ప్రకారము, సాధారణముగా ఇంటర్‌తో ముగిసే నాలుగు సంవత్సరాలు వరుసగా ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. కన్వీనరు సీట్లలో ఎక్కువ భాగము స్థానికులకే. రిజర్వేషను సంగతి కూడా ఇటువంటిదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగము వలన బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు అక్కడ గిరిజన కోటాలో వైద్య విద్య సీటు కోరారు. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్లిన రాష్ట్రములో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక ఇల్లు ఖాళీ చేయకముందే, సీటు, ఫీజు సహాయము ఏ రాష్ట్రములో దొరుకునో విచారించండి. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి గనుక ఆ సంవత్సరపు ప్రకటననే చదివించుకోండి.

చేర్చే ముందు ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, కోర్సు పేరు స్పష్టముగా అడగండి. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్‌సి. నాలుగేళ్లు. మొదటి రెండూ డిగ్రీలు కావు. డిగ్రీకి ఇంటర్‌లో సైన్సు ఉండాలి.

రెండవది, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, ఆరోగ్య విశ్వవిద్యాలయపు గుర్తింపు ఈ సంవత్సరానికి ఉన్నవో లేవో ఆ కార్యాలయాలలోనే కనుక్కోండి. గోడకు కట్టిన ఫ్రేము చాలదు.

మూడవది, నాలుగు సంవత్సరాల మొత్తము ఖర్చు కాగితము మీద వ్రాయించండి. ఫీజుతో పాటు హాస్టలు, బస్సు, యూనిఫారము, పరీక్షలు అన్నీ కలపండి. గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలిసినదే. రసీదు లేకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వవద్దు.

నాలుగవది, ఆసుపత్రికి ఉదయము పూట వెళ్లి వార్డులో నడవండి. రెండవ, మూడవ సంవత్సరపు పిల్లలతో మీ అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి.

చదువు ముగించిన రాష్ట్రములో నర్సుగా రిజిస్టరు అయిన తరువాత వేరే రాష్ట్రమునకు ఆ నమోదు మార్పించుకొనే వీలున్నది. అంటే ఇక్కడ చదివినంత మాత్రాన అక్కడ పని దొరకదన్న భయము అక్కరలేదు.

ఆ కుటుంబము ఏమి చేసిందని అడుగుతారేమో. తిరుగు ప్రయాణములో తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "బిడ్డను వదిలి ఉండగలమా అయ్యగారూ?" అన్నాడు. మా దగ్గర తేలికైన జవాబు లేదు. అమ్మాయి స్వజిల్లాలోనే, పాత పెంకుల ఆసుపత్రి ఉన్న కాలేజీలో కన్వీనరు సీటులో చేరినది. తల్లిదండ్రులు, చిన్నవాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. బస్సు కదులుతుంటే తల్లి ఏడ్చిన ఏడుపు మేము మరువలేదు.

మొన్న సెలవులకు వచ్చి ఆ అమ్మాయి మా పిల్లవాని జ్వరము చూసినది. చేయి కడుగుకొని, నాడి పట్టి, గడియారము చూస్తూ నిలబడినది. ఆ చేతులలో తొందర లేదు.